బావల ఆఫీసు, గడియ లేని తలుపు

డిగ్రీ చివరి ఏడాదిలో, భద్రాచలంలోని మా కాలేజీ ప్లేస్‌మెంట్ సారు ఒకరోజు బోర్డు మీద ‘ఇన్‌క్లూజివ్’ అని రాసి, స్పెల్లింగ్ మీద అనుమానమొచ్చి చెరిపి, మళ్లీ అట్లాగే రాశారు. అన్ని రకాల మనుషులనూ కలుపుకుపోయే కంపెనీలను వెతుక్కోవాలట.

“కంపెనీ మిమ్మల్ని చూసుడే కాదు, మీరు గూడ కంపెనీని చూడాలె. పెళ్లిచూపులకు పోయినోళ్లు పిల్లనొక్కదాన్నే చూస్తరా? ఇల్లు గూడ చూస్తరు” అన్నారు.

ఆ మాట నాకూ, నా హాస్టల్ స్నేహితురాలికీ బాగా తలకెక్కింది. నాది పర్ణశాల దాటి అడవిలోకి పోతే వచ్చే కోయ ఊరు. తను ఖమ్మంలో దర్జీ గారి అమ్మాయి. బురఖా వేసుకుంటుంది, ఎవరితోనైనా పోట్లాడుతుంది. నా యాస విని నవ్వుతారేమోనని నా భయం. తన బురఖా చూసి మొహం ముడుస్తారేమోనని తన భయం. అందుకని ఖమ్మంలో జాబ్ మేళాకు ప్రశ్నలు రాసుకున్న కాగితంతో వెళ్లాం.

ప్లాట్లు అమ్మే కంపెనీ టేబుల్ దగ్గర మొదటి ప్రశ్న అడిగాను. “మీ దగ్గర ఎసుంటోళ్లు పనిచేస్తరు సార్?”

“మా దగ్గర డైవర్సిటీకి లోటే లేదమ్మా. ఊరికొకరున్నరు. కల్లూరాయన ఉన్నడు, కుసుమంచాయన ఉన్నడు, మధిరాయన ఉన్నడు. ఒకాయన ఎడమచేత్తో రాస్తడు” అన్నాడు మేనేజరు.

మాకు నచ్చింది. మర్నాడు ఆఫీసుకు రమ్మంటే వెళ్లాం. రిసెప్షన్‌లో ఉన్నాయన లోపలికి తొంగిచూసి, “బావా, ఇద్దరు పిల్లలొచ్చిన్రు” అని కేకేశాడు. కాసేపటికి ఫైలు పట్టుకుని వెళ్లినాయనా “బావా” అన్నాడు. చాయ్ తాగుతున్నాయనా “బావా” అన్నాడు.

“కొన్ని కంపెనీలల్ల సార్ అనొద్దంటరు గదా, ఈడ గిట్ల పిలుసుకుంటరేమో” అంది నా స్నేహితురాలు.

నాకూ అదే నిజమనిపించింది. లోపలికి పిలవగానే చేతులు జోడించి, “నమస్తే బావా” అన్నాను.

మేనేజరు చేతిలో ఫోను జారి టేబుల్ కింద పడింది. ఆయన వంగి దాన్ని చాలాసేపు వెతికాడు. పైకి లేచి చెప్పాడు: కల్లూరాయన ఆయన బామ్మర్ది, కుసుమంచాయన చెల్లెలి భర్త, మధిరాయన మేనత్త కొడుకు.

“మరి ఎడమచేతి ఆయన?” అంది నా స్నేహితురాలు.

“మా మామ.”

“చుట్టాలు కానోళ్లు ఎవరున్నరు సార్?”

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. “వాచ్‌మెన్ ఉండె. మొన్ననే మానేసిండు.”

రెండోది కాల్ సెంటర్. గోడ మీద ‘మహిళలకు అనువైన చోటు’ అని పెద్ద పోస్టరు. మా రెండో ప్రశ్న బాత్రూము గురించి. హెచ్ఆర్ మేడం స్వయంగా తీసుకెళ్లి చూపించింది. తలుపుకు గడియ లేదు.

“ఏం కాదమ్మా. లోపలున్నోళ్లు పాట పాడుతుంటరు. పాట ఇనొస్తే బయటోళ్లు ఆగుతరు” అంది.

నా స్నేహితురాలికి పాటలు రావు. బస్సు దిగినప్పటి నుంచీ ఓర్చుకుంటోంది కాబట్టి, లోపలికి వెళ్లి గట్టిగా పదమూడో ఎక్కం మొదలుపెట్టింది. పదమూడేడుల దగ్గర ఎంతో గుర్తురాక ఆగిపోయింది. చప్పుడు లేకపోయేసరికి ఎవరో అమ్మాయి వచ్చి తలుపు తోసేసింది. లోపలి నుంచి వచ్చిన కేకకు ఫోన్లలో మాట్లాడుతున్న వాళ్లందరూ ఆగిపోయారు. ఆ కంపెనీ మళ్లీ మాకు ఫోన్ చేయలేదు. మేమూ చేయలేదు.

మూడోది భద్రాచలంలోనే, చిన్న కంటి దవాఖానా. ముందు గదిలో కూర్చునే ఉద్యోగం. మేం వెళ్లేసరికి ఊడ్చే ఆయమ్మా, చంకకర్రతో నడిచే, కళ్లద్దాలు బిగించే ఆయనా ఫ్యాను గురించి కొట్లాడుకుంటున్నారు.

“అయిదుల పెడితే చీటీలన్నీ బజార్ల పడుతున్నయ్!” అంది ఆయమ్మ.

“చెమటకు నా అద్దాలు నాకే కనబడుతలేవు!” అన్నాడాయన.

డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చి, “మూడులో పెట్టుకోండి” అంది.

“మీరు ఏసీల కూసుంటరు. మీరు ఊకోండి మేడం” అంది ఆయమ్మ.

డాక్టరమ్మ సరేనని తలూపింది. తలుపేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నా స్నేహితురాలు ప్రశ్నల కాగితం మడిచి బ్యాగులో పెట్టేసి, “ఇంకేం అడుగుతవ్? జల్దీ లోపలికి పో” అంది.

డాక్టరమ్మకు ముందే చెప్పేశాను, నా తెలుగు కొంచెం వేరుగా ఉంటుందని.

“కోయ వస్తదా?”

“అవ్ మేడం, ఇంట్ల అదే.”

“సోమవారం రా.”

ఉద్యోగం ఒక్కటే కాబట్టి నా స్నేహితురాలికి ఇంకో నెల పట్టింది. ఖమ్మంలో కంప్యూటర్ బిల్లులు కొట్టే పనిలో చేరింది. బురఖా గురించి ఎవరూ ఏమీ అనలేదట. ఆమె నోటికి మాత్రం భయపడుతున్నారట.

నేను దవాఖానాలో చేరిన వారంలోనే నా గొప్ప తేలిపోయింది. సరిహద్దు అవతలి నుంచి ఒక తాత వచ్చాడు. భాషల కోసమే నన్ను పెట్టుకున్నారని గర్వంగా ముందుకెళ్లి కోయలో పలకరించాను. ఆయన ఏదో చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగులో అడిగాను, నా స్నేహితురాలి దగ్గర నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలూ వాడాను. తాత జాలిగా నా వైపు చూశాడు.

ఆయమ్మ చీపురు గోడకానించి వచ్చి, ఆయనతో ఒడియాలో గడగడా మాట్లాడి, కుర్చీలో కూర్చోబెట్టింది.

“ఇటుక బట్టీల పదేండ్లు ఒడిశా వాళ్లతోనే చేసిన” అని, పెన్ను నా చేతిలో పెట్టి, “రాసుకో పిల్లా, మొదలు ఒడియాల పేరు అడుగుడు నేర్చుకో” అంది.