పరిశోధకునితో సంబంధం

పుంగనూరు నాదస్వర కళాకారుడు ఒకరు గత నెల కన్నుమూశారు. ఆ వార్త నాకు కుప్పం దగ్గరి పల్లెలో డోలు వాయించే ఒకాయన ఫోనులో చెప్పాడు. "సార్, మీ పుస్తకంలో ఉండాడే, పుంగనూరు సన్నాయి పెద్దాయన, తెల్లారి పోయినాడంట సార్. మీకు తెలిసిన మనిషి గదా, ఒక మాట సెప్దామని సేసినా" అన్నాడు. "అలాగా, అయ్యో" అన్నాను. చెప్పినందుకు మర్యాదగా కృతజ్ఞతలు కూడా తెలిపాను. పది నిమిషాల తరువాత మా అత్త ఫోను వచ్చింది. ఆమె ఏడ్చింది.

ఆ పెద్దాయన నా మేనమామ. మా అమ్మకు తోడబుట్టిన అన్న. ఈ వాక్యం నేను అచ్చులో పెట్టడం ఇదే మొదటిసారి. ఆయన వాద్యం గురించి, బాణీ గురించి, పుస్తకంగా అచ్చయిన నా సిద్ధాంత వ్యాసంలో ఒక పూర్తి అధ్యాయం ఉంది. ఈ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా లేదు. అది ఎందుకు లేదో పాఠకులకు చెప్పకుండా ఆయనను తలచుకునే అర్హత నాకు లేదనుకుంటున్నాను.

మా వాళ్ళకు తరతరాలుగా రెండు పనులు: ఒకటి కత్తెర, రెండోది సన్నాయి. మామ పుంగనూరులో ఒకే కుర్చీ ఉన్న కటింగు షాపు నడిపేవాడు. ముహూర్తం ఉన్న రోజు షాపు తెరిచేవాడు కాదు. తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఉతికిన పంచె కట్టుకున్న తరువాతే వాద్యాన్ని ముట్టేవాడు. సన్నాయి పై కొసన అమర్చే రెల్లు పీకను మా వైపు సీవాళి అంటారు. వాయించడానికి చాలా ముందే దాన్ని పెదవుల ఒక మూలకు ఇరికించుకుని నానబెట్టేవాడు. అంతసేపూ ఆయన మాటలన్నీ నోటి రెండో మూల నుంచి వచ్చేవి. పెళ్ళివారు అర్థం కాక "ఏమంటాండావు పెద్దాయనా?" అంటే, పీక తీయకుండానే నవ్వేవాడు.

తాళి కట్టే క్షణంలో మేళమంతా ఒక్కసారిగా హోరెత్తాలి. దానిని గెట్టిమేళం అంటాము. ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా వధూవరుల చెవిన పడకూడదని ఆ ఆచారం. పందిట్లో అందరూ పెళ్ళికూతురి మెడ వైపు చూస్తుంటే, మామ ఒక్కడే పురోహితుడి చూపుడు వేలు చూసేవాడు. ఆ వేలు లేచిందంటే మేళం లేవాలి. పరిశోధన నిమిత్తం నేను ఒకసారి, "ఇన్నేళ్ళలో నీకు బాగా గుర్తున్న పెళ్ళి ఏది మామా?" అని అడిగాను. ఆయన తీవ్రంగా ఆలోచించాడు.

"పెండ్లి నేను ఒక్కటీ సూల్లేదు అల్లుడా. వేళ్ళు సూసినా. ఏ పంతులు వేలు ఎట్లుంటాదో అడుగు, సెప్తా" అన్నాడు.

చిన్నప్పుడు ఆయన నాకూ ఈ విద్య నేర్పబోయాడు. ఊపిరి చాలడం లేదని సాకు చెప్పాను. "ఊపిరి నీకు శానా ఉండాది. మీ అమ్మతో వాదులాడేటప్పుడు సూస్తాండాను గదా" అన్నాడు. మళ్ళీ తానే, "పోనీలే, సదువుకో. సదువుకున్నా ఊపిరి కావాల్సిందే" అన్నాడు. ఆ తరువాత ఎన్నడూ బలవంతం చేయలేదు.

నా చదువు గురించి ఇక్కడ కొంత చెప్పక తప్పదు. పదో తరగతితో ఆగిపోయి, మదనపల్లెలో ఒక కార్యాలయంలో అటెండరుగా చేరాను. పగలు ఫైళ్ళు మోస్తూ, సాయంత్రం కళాశాలలో కూర్చుని, ముందుగా ఇంటర్, తరువాత బి.ఏ., ఆ పైన ఎం.ఏ. పూర్తి చేశాను. ఇప్పుడు అదే కార్యాలయంలో కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూస్తున్నాను. ఈ మాటలు రాసేటప్పుడు నా వెన్ను తనంతట తానే నిటారుగా అవుతుంది. దాచను.

ఎం.ఏ. పట్టా వచ్చినప్పుడు కార్యాలయంలో చిన్న సన్మానం చేశారు. ఆ రోజు మైకు ముందు నిలబడి, "నేను ఎవరి అండా లేకుండా చదివాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. నిజం ఏమిటంటే, ఆ సంవత్సరాలలో మా అమ్మ మంచం పట్టి ఉంది. తరగతులున్న ప్రతిరోజూ మామ షాపు మూసి, పుంగనూరు నుంచి బస్సెక్కి మదనపల్లె వచ్చేవాడు. నేను తిరిగి వచ్చేదాకా చెల్లెలి పక్కన కూర్చునేవాడు. నేను ఇల్లు చేరేసరికి ఆయన ఆమెకు గంజి తాగించి, మూతి తుడిచి, సన్నగా ఏదో రాగం తీస్తూ ఉండేవాడు. "ఏం సెప్పినారు ఈ పొద్దు?" అని అడిగేవాడు. నేను ఛందస్సో, వ్యాకరణమో చెబితే, "అట్లనా!" అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. ఆ 'అట్లనా' వినడం కోసమే నేను కొన్ని పాఠాలు శ్రద్ధగా విన్నాను. సన్మానంలో ఈ సంగతి చెప్పాలని నాకు తోచనైనా తోచలేదు.

తరువాత కుప్పంలోని విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరాను. మూడు భాషలు కలిసే ఈ సరిహద్దు ప్రాంతంలో మంగళవాద్య ప్రదర్శన ఎలా మారుతూ వచ్చింది, వాయించే కృతులు ఏ వాగ్గేయకారుల నుంచి ఏ దారిన వచ్చాయి, కన్నడ, తమిళ ప్రభావాలు ఎంతవరకు ఉన్నాయి అన్నది నా అంశం. నిజానికి ఆ అంశం నాకు సగం మామ ఇంట్లోనే దొరికింది. ఆయన చిన్నతనంలో సరిహద్దు అవతల ఒక తమిళ విద్వాంసుడి దగ్గర మూడేళ్ళు ఉండి నేర్చుకున్నాడు. కోలారు వైపు పెళ్ళిళ్ళకు వెళ్ళి కన్నడ భక్తి పదాలు పట్టుకొచ్చాడు. ఒక తెలుగు కృతిని తమిళుల గమకంతో ఎత్తుకుని, పెళ్ళికూతురు పందిట్లోకి వచ్చేసరికి కన్నడ పదంలోకి దింపేవాడు. ఎక్కడ అతికాడో వినేవాళ్ళకు తెలిసేది కాదు.

ఆయన షాపులోనే, ఖాళీ కుర్చీలో ఆయనను కూర్చోబెట్టి, ఫోనులో సంభాషణలు రికార్డు చేసేవాడిని.

"ఇది తమిళ ప్రభావం కదా మామా?"

"ప్రభావమంటే ఏంది అల్లుడా?"

"బయటి నుంచి వచ్చి చేరింది."

"బయట యాడుండాది? నేనే గదా సైకిల్లో పోయి తెచ్చుకునింది."

"సరే, ఈ పాట ఎవరు కట్టారు?"

"నాకు నేర్పినాయన పేరు సెప్తా. ఆయనకు నేర్పినాయన పేరూ సెప్తా. ఆ పైన నువ్వే కనుక్కోవాల, పెద్ద సదువు నీదే గదా!"

ఈ సంభాషణలను కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఆయన 'అల్లుడా' అన్న ప్రతిచోటా మూడు చుక్కలు పెట్టాను. నేను 'మామా' అన్నచోట 'అయ్యా' అని దిద్దాను. మా పర్యవేక్షకురాలు ఆ ప్రతులు చదివి, "ఈయన మీతో చాలా చనువుగా మాట్లాడుతున్నారే! మీకు బంధువా? అయితే రాయండి. ఇంటివాడిగా మీకు తెలిసినది బయటివాళ్ళకు తెలియదు. అది మీ పరిశోధనకు బలమే" అన్నారు. కాదన్నాను. చదువుకున్న ఆమె అంత తేలికగా ఇచ్చిన అవకాశాన్ని అంతకంటే తేలికగా వదులుకున్నాను. సిద్ధాంత వ్యాసం చివర సమాచారదాతల పట్టిక ఉంటుంది: వయసు, ఊరు, వృత్తి, పరిశోధకునితో సంబంధం. ఆ చివరి గడిలో, మామ వరుసకు ఎదురుగా, 'లేదు' అని రాశాను.

శాస్త్రీయ దృష్టి కోసమే అలా రాశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కారణం అది కాదు. మా కార్యాలయంలో నేను సారును. ఆ ఒక్క గడి నింపితే, మా వాళ్ళు ఎవరో, మా తాత ఎవరి ఇళ్ళకు పొద్దున్నే కత్తెర పెట్టె పట్టుకుని వెళ్ళేవాడో అందరికీ తెలుస్తుంది. 'ఓహో, మేళగాళ్ళ పిల్లోడా' అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఎవరూ అనలేదు. ఎవరూ అనకముందే నేనే భయపడి, ఆయనను పరాయివాణ్ణి చేశాను.

మౌఖిక పరీక్ష రోజున కళాకారులను కూడా పిలిపించాలని, వారు కొంత వాయించి చూపాలని పెద్దలు నిర్ణయించారు. "ఇద్దరం కలిసే పోదాం అల్లుడా, బస్సులో నాకూ తోడు" అన్నాడు మామ. ఏర్పాట్లు ఉన్నాయని చెప్పి, నేను ముందు రోజే వెళ్ళిపోయాను. ఆయన మరునాడు ఒక్కడే బస్సులు మారి కుప్పం చేరాడు. చలువ చేసిన చొక్కా, అంచు పంచె, కొత్తగా గీసుకున్న గడ్డం. తన గడ్డం తానే ఎప్పుడూ ఏదో ఒక పక్క వదిలేసే మనిషి, ఆ రోజు రెండు చెంపలూ నున్నగా ఉన్నాయి.

ఆయన ఆ రోజు వాయించినంత బాగా నేను మళ్ళీ వినలేదు. హాలులో కూర్చున్న ఆచార్యులు తల ఊపడం కూడా మరచిపోయారు. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకులు వాద్యం ముగిసిన వెంటనే లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకుని, "ఎంత అదృష్టం! మీకూ ఈ అభ్యర్థికీ ఎన్నాళ్ళ పరిచయం?" అని అడిగారు.

మామ నా వైపు చూశాడు. ఆ ముఖంలో సంతోషం పొంగుతోంది, నోరు తెరవబోతున్నాడు. ఆయన కంటే ముందు నేను అందుకున్నాను.

"క్షేత్ర పర్యటనలో పరిచయమయ్యారు సార్."

ఆయనకు ఒక్క క్షణం పట్టింది. తరువాత చేతులు జోడించి, నిదానంగా, "అవును సార్. ఈ సారు మా ఊరికొచ్చి, ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. శానా మంచోడు సార్" అన్నాడు.

నన్ను 'సారు' అన్నాడు. నా అబద్ధం కూలిపోకుండా తన భుజం ఆనించాడు. పెళ్ళిపందిట్లో చెడ్డమాట ఎవరి చెవినా పడకుండా కప్పినట్లే, ఆ రోజు నా మాటను కప్పాడు. నాకు పట్టా వచ్చింది.

ఆ తరువాత ఆయన కోపగించుకోలేదు. వెళితే కుర్చీ తుడిచి కూర్చోమనేవాడు, టీ తెప్పించేవాడు, పిల్లల గురించి అడిగేవాడు. 'అల్లుడా' అని మాత్రం పిలవలేదు. ఊళ్ళో అందరినీ పిలిచినట్లే 'అప్పా' అన్నాడు. నేను గమనించాను. గమనించనట్లు ఉన్నాను. క్షమించమని అడగడానికి ప్రతిసారీ ఒక వాక్యం నిర్మించుకుని వెళ్ళేవాడిని. బాగా కుదరలేదని ప్రతిసారీ అలాగే వెనక్కు తెచ్చుకునేవాడిని.

ఈ మధ్య పెళ్ళిళ్ళలో గెట్టిమేళం కూడా స్పీకర్ల నుంచే వస్తోంది. మామకు ముహూర్తాలు తగ్గాయి. చివరిసారి, మూడు నెలల క్రితం వెళ్ళినప్పుడు, "నీ పుస్తకం ఎవురన్నా సదవతాండారా అప్పా?" అని అడిగాడు. నేను ఆయనకు ఒక ప్రతి ఇచ్చి ఉన్నాను. చదువుతున్నారని చెప్పాను.

"నేనూ సదివినా. నిదానంగా, వేలు పెట్టుకోని. కడా దాకా సదివినా" అన్నాడు.

కడాన ఉన్నది ఆ పట్టికే. నేను తల ఎత్తలేదు. ఆయన వీధిలోకి చూసి, "టీలో సక్కెర ఏయించనా, వద్దా?" అన్నాడు.

పదకొండో రోజు కార్యం ముగిసి, వచ్చిన బంధువులు భోజనాలు చేసి వెళ్ళిపోయాక, నేను వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉంటే, అత్త లోపలి నుంచి ఒక సంచి తెచ్చింది. అందులో నుంచి ఒక తెల్ల పంచె, తెల్ల చొక్కా గుడ్డ తీసింది. మా వాళ్ళలో పెళ్ళయినా, పెద్ద చదువు పూర్తయినా, మొదటి కొత్త బట్టలు మేనమామ పెట్టాలి.

"నీ పరీక్ష పొద్దు కుప్పానికి ఎత్తకపోయినాడప్పా, నీకు పెట్టాలని. ఆ రాత్రికి మళ్ళా ఎత్తకొచ్చినాడు. ఏమయ్యా, పెట్టలేదా అంటి. ఆడ అంతా పెద్దోళ్ళు, సమయం కుదర్లేదు అనె. అట్లయితే మదనపల్లెకు పోయి వాళ్ళింట్లోనే పెట్టేసి రా అంటి. 'యాల, దొంగతనంగా పెట్టేదా? మేనమామ బట్టలు నలుగురిలో పెట్టాల' అన్నాడు. అంతే, పెట్టెలో ఏసేసినాడు."

ఆమె స్వరంలో నిష్ఠూరం లేదు. జరిగింది ఏమిటో ఆమెకు ఆయన చెప్పలేదని అప్పుడు అర్థమయింది. నేనే చెప్పాను. మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఏమి అడిగారో, నేను ఏమన్నానో, మామ ఏమన్నాడో, మొత్తం చెప్పాను. అత్త పంచె మడతను వేళ్ళతో సరిచేస్తూ విన్నది. చివరకు, "నాకు సెప్పల్యా సూడు, ఆ మనిషి" అంది.

నేను బట్టల కోసం చేయి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"నా చేత్తో నేను ఇయ్యకూడదప్పా ఇప్పుడు. ఆయన పెట్టాల్సిండె" అని, వాటిని అరుగు మీద ఉంచి, పక్కకు జరిగి కూర్చుంది.

బట్టలు మా ఇద్దరి మధ్యా ఉన్నాయి. చొక్కా గుడ్డ మూలకు ఆయన వేలితో పెట్టిన పసుపు ఉంది. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండి అది ఎండిన మట్టి రంగుకు తిరిగింది. అప్పటికే మబ్బు పట్టి ఉంది. చినుకులు మొదలయ్యాయి.

"తడస్తాదప్పా, ఎత్తుకో" అంది అత్త.

ఒక చినుకు సరిగ్గా ఆ మూల మీద పడింది. ఎండిన పసుపు నాని, తెల్లగుడ్డ మీద మెల్లగా, పచ్చగా పాకసాగింది.