కొబ్బరి పీచుతో తోమిన ట్యూబులు

ఆ సీసాలో పాదరసం ఉందని నాకు తెలుసు. అడిగినప్పుడు చెప్పలేదు. అంతటితో ఆగలేదు కూడా. మా ల్యాబులో ట్యూబులు కడిగే ఆవిడ కిడ్నీలు నొప్పి బిళ్ళలు మింగి పాడయ్యాయని ఒక మాట ఊళ్ళో తిరిగింది. అది నేను పుట్టించిందే. ముమ్మిడివరం వైపు ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నారని విన్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

దాన్ని ల్యాబు అనడం కూడా ఎక్కువే. ముందు రొయ్యల మేత, చెరువు మందులు అమ్మే షాపు, వెనక ఒక రేకుల గది. మందులు కొనే రైతుకి నీళ్ళ పరీక్ష ఉచితం. పొద్దున్నే చెరువు నీళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో పట్టుకుని బారులు తీరేవారు. నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీని. తెల్లకోటు చూసి రైతులు నన్ను డాక్టరు గారూ అనేవారు, నేను వద్దనేవాణ్ణి కాదు. చెరువు సంగతి ఆ రైతులకే నాకంటే బాగా తెలుసు. అయినా ట్యూబు వెలుతురుకి ఎత్తి, కాసేపు నుదురు చిట్లించి, "అమోనియా ఎక్కువైందండీ" అంటే చాలు, నా నోట్లోంచి ఊడిపడే మందు పేరు కోసం ఎదురు చూసేవారు. ఆ పేరు ఏదై ఉండాలో షాపు యజమాని ముందే చెప్పి ఉంచేవాడు.

అమోనియా పరీక్షకి నెస్లర్ అనే ద్రావణం వాడేవాళ్ళం. చెరువు నీళ్ళలో కొద్దిగా పోస్తే పసుపు రంగు వస్తుంది. అమోనియా మరీ ఎక్కువగా ఉంటే ఇటుకరంగు మడ్డి కడుతుంది. ఆ ద్రావణంలో ఉన్నది పాదరసపు లవణం, దానికి తోడు చర్మాన్ని తినేసే ఘాటైన క్షారం. చేతులకి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. నోటితో పిప్పెట్ పీల్చకూడదు. కడిగిన నీళ్ళు మూత ఉన్న డబ్బాలో విడిగా పట్టాలి తప్ప బయట పారబోయకూడదు. చర్మంలోంచి కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగితే మొదట దెబ్బతినేది కిడ్నీలు. ఇదంతా నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న చదువు. ల్యాబులో మాత్రం కడిగిన నీళ్ళు రేకుల గది వెనక బోదెలోకి పోయేవి. ఆ బోదె పోయి కలిసే కాలవలోంచే మా రైతులు చెరువులకి నీళ్ళు తోడుకునేవారు. మర్నాడు మళ్ళీ సీసాలో పట్టుకొచ్చి నాకే చూపించేవారు.

పరీక్షలయ్యేసరికి పదకొండు దాటేది. ఈలోగా ట్యూబులకి మడ్డి ఎండిపోయి అట్టకట్టేది. బ్రష్‌కి అది రాదు. కోనసీమలో ఏ గిన్నె వదలకపోయినా కొబ్బరి పీచే కదా గతి. ట్యూబులు కడిగే ఆవిడ పీచు చిన్న ఉండగా చుట్టి, ట్యూబులోకి కూరి, పుల్లతో తిప్పి తిప్పి తోమేది. మూతుల దగ్గర వేళ్ళతోనే రుద్దేది. పీచు గీరుకుని వేళ్ళ నిండా సన్నటి గాట్లు. పాదరసం లోపలికి పోవడానికి అంతకంటే మంచి దారి నేను కోరి వెతికినా దొరకదు. "నువ్వు తోమితే అద్దంలా ఉంటాయి" అని నేను మెచ్చుకునేవాణ్ణి. ఆవిడ నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నువ్వు అనే అనేవాణ్ణి.

ల్యాబుకి ఒక్క గ్లౌజుల పెట్టె ఉండేది. అది నా బల్ల సొరుగులో ఉండేది. నేను వేసుకునేవాణ్ణి.

ఒకరోజు వేళ్ళ చివర్లు పొరలు ఊడి ఎర్రబడితే నా ముందు చాపింది.

"సారండీ, ఈ మందు చేతులు కొరికేత్తందండి. ఆ తొడుగులు నాకూ ఓ జత ఇప్పిత్తారా?"

షాపులోంచి యజమాని అందుకున్నాడు. "ఎందుకే తొడుగులు? గోరింటాకు చెరిగిపోద్దా?"

"గోరింటాకు పెట్టుకునే వయసు మీలాంటోళ్ళ అంట్లు తోముతుంటేనే అయిపోయిందండి."

"నోరు చూసేరా డాక్టరు గారూ" అన్నాడు యజమాని. నేను నవ్వాను. సొరుగు తీయలేదు. ఆవిడ సీసా మీది పుర్రె బొమ్మ చూపించి అదేంటండి అని అడిగింది. చిన్నపిల్లలు ముట్టుకోకుండా వేస్తారులే అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా రావడం చూసి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. అప్పటికి ఆ షాపులో నా పనే అది.

కొన్ని నెలలకి ఆవిడ ముఖం పొద్దుటిపూట ఉబ్బి కనిపించేది. తర్వాత పాదాలు వాచాయి. చెప్పులు పట్టక గుమ్మం దగ్గర విడిచేసి వట్టి కాళ్ళతో తిరిగేది. ఆవిడ కూతురు రాజోలు దగ్గర ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. అమలాపురంలో డాక్టరుకి చూపిస్తే ఒంటికి కావలసిన ప్రోటీను మూత్రంలో పోతోందన్నాడట. నాటుమందులు, ముఖానికి రాసుకునే క్రీములు ఏమైనా వాడిందా, పనిలో ఏవి ముట్టుకుంటుంది అని అడిగాడట. ఆ అమ్మాయి సెలవు పెట్టుకుని ల్యాబుకి వచ్చింది.

"సార్, డాక్టరు గారు కనుక్కుని రమ్మన్నారండి. అమ్మ ఇక్కడ ఏం మందులు ముట్టుకుంటుందండి? పేర్లు రాసిస్తే తీసుకెళ్ళి చూపిస్తానండి."

యజమాని నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. అతను నోరు తెరవాల్సిన అవసరం నేను కలిగించలేదు.

"అన్నీ ఉప్పులేనమ్మా. నీళ్ళు చూసే ఉప్పులు. మీ అమ్మ మోకాళ్ళ నొప్పులకి బిళ్ళలు వేసుకుంటుంది కదా, ఆ సంగతి చెప్పేరా డాక్టరు గారికి?"

"ఎప్పుడన్నా ఒకటి వేసుకుంటుందండి, అంతే."

"అదే అయ్యుంటుంది. కిడ్నీలకి అంతకంటే శత్రువు లేదు."

"ఆయ్. చెప్తానండి" అని, నాకు థాంక్స్ కూడా చెప్పి వెళ్ళింది.

ఉప్పులే అనడం అబద్ధం కాదని బస్సులో నాకు నేను సర్ది చెప్పుకున్నాను. పాదరసపు లవణం కూడా లవణమే కదా. చదువుకున్నవాడి వెధవతనం ఇలాగే ఉంటుంది. అబద్ధం కూడా పాఠ్యపుస్తకంలోంచే తెచ్చుకుంటాడు.

డాక్టరు బిళ్ళలు మాన్పించాడు. వాపు తగ్గలేదు. ఆవిడ ఇంకో నాలుగు నెలలు వచ్చి ట్యూబులు తోమింది. ఆ నాలుగు నెలలూ నేను ఎదురుగా కూర్చుని చూశాను. చివరికి బస్సు మెట్టు ఎక్కలేక మానేసింది. కాకినాడ తీసుకెళ్తే కిడ్నీలు చాలా భాగం దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని, మిగిలింది కాపాడుకోవాలని చెప్పారట. షాపులో యజమాని రైతులతో, "ఈ ఆడాళ్ళు బిళ్ళలు బఠాణీల్లా మింగుతారండీ" అనేవాడు. నా మాటకి అతను బఠాణీలు కలిపాడు, అంతే తేడా. నేను తలూపేవాణ్ణి.

కొన్నేళ్ళ తర్వాత నాకు కొత్తపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఒకరోజు అక్కడ ల్యాబులో పాదరసపు లవణం సీసా చూపించి జాగ్రత్తలన్నీ గడగడా చెప్పాను. తొడుగులు, విడి డబ్బా, తగిలితే ధారగా పారే నీళ్ళతో కడగడం. ఒక విద్యార్థిని లేచి, "తెలియక ఎన్నాళ్ళో ముట్టుకున్నవాళ్ళు ఏమవుతారు సార్?" అంది. "ఏ మందో డాక్టరుకి వెంటనే తెలిసి, దాన్ని ముట్టుకోవడం ఆపేస్తే చాలామంది కోలుకుంటారు" అన్నాను. క్లాసు దాన్ని నోట్సులో రాసుకుంది. నేను బోర్డు వైపు తిరిగి, రాయడానికి ఏమీ లేకపోయినా సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను.

ఆ శనివారం పాత ల్యాబుకి వెళ్ళాను. ఇంకో ఆవిడ పీచుతో అదే పని చేస్తోంది. అది విషమని యజమాని ఎదుటే ఆవిడకి చెప్పాను. "ల్యాబు మూయించడానికొచ్చేరా డాక్టరు గారూ" అని అతను వెటకారం చేశాడు. ఆవిడ ట్యూబులు కింద పెట్టి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఇదేదో ఘనకార్యమని రాయడం లేదు. ఏళ్ళ కిందటే చేసి ఉంటే రెండు నిమిషాల్లో అయ్యే పని.

మర్నాడు అల్లవరం దగ్గర, జబ్బుపడి మానేసిన ఆవిడ ఇంటికి వెళ్ళాను. తల్లీ కూతురూ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. ఆవిడ సగానికి సగం చిక్కిపోయింది. డాక్టరుకి చూపించమని ద్రావణం పేరు, అందులో ఉన్నవి, ఎన్నాళ్ళు ముట్టుకుందీ రాసిన కాగితం కూతురికి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది.

"నేను సైన్సు టీచర్నండి. మీరు ఉప్పులంటే నమ్మేసేను" అంది.

"బిళ్ళలు మింగి చేజేతులా తెచ్చుకున్నావని ఇన్నేళ్ళూ నన్నే తిట్టిందండి ఇది" అంది ఆవిడ. ఆ మాట నాతో అంటున్నా కూతురివైపే చూస్తోంది. తర్వాత అడిగింది. "ఇప్పుడక్కడ ఎవరు తోముతున్నారండి?"

ముందురోజు జరిగింది చెప్పాను. ఆవిడ తలూపింది. కుర్చీ వేశారు కానీ నేను కూర్చోలేదు.

"అది పాదరసమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసండి. తొడుగులు నా ఒక్కడికే ఉంచుకున్నాను. మీ అమ్మాయి పేర్లు అడిగినరోజు చెప్పి ఉంటే మీకు ఇంత జరిగేది కాదు. బిళ్ళల మాట నేను కల్పించిందండి, మీ తప్పు ఏమీ లేదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నానండి."