సీసాలో గుర్రపు వాసన

ఎనభైల్లో ఆదోని కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. బతిమాలి ఒక పాత సామాను గది తీసుకుని, సీసాల్లో పెన్నేరు అనే మందుమొక్క వేళ్లు పెంచడం మొదలుపెట్టాను. మొక్క ఉండదు. చక్కెర, లవణాలు కలిపిన నీళ్లలో ఉత్త వేళ్లే. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఒక్కరికీ వేరును అలా బతికించడం చేతకాదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

వేళ్లు తెల్లగా, పుష్టిగా పెరిగాయి. వాటిలో మందు గుణం మాత్రం లేదు. పెన్నేరునే అశ్వగంధ అంటారు. పచ్చి వేరు విరిస్తే గుర్రపు వాసన కొట్టాలి. నా వేళ్లకు ఏ వాసనా లేదు. ఇంతలో ఎమ్మిగనూరు మనిషైన మా ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి, "ఉగాది కాగానే బెంచీలు ఈడ పెట్టాల. గది ఖాళీ చెయ్యమ్మా" అన్నారు. ఆ గది పోతే నాకు సుద్దముక్క తప్ప ఏమీ మిగలదు. చెడ్డ కోపం వచ్చింది.

సీసాలకు దూది బిరడాలు పెట్టాలి. పత్తి ఊళ్లో ఉంటూ దూది కొనడమేమిటని, జిన్నింగు మిల్లు నుంచి ఒడి నిండా తెచ్చుకున్నాను. దూదితోపాటు దుమ్మూ వచ్చింది. ఒక సీసాకు బూజు పట్టింది. పారేయబోతూ అలవాటుగా వాసన చూశాను. గుర్రం! బూజును తరమడానికి ఆ వేరు తన ఘాటంతా బయటికి తీసింది. ఇన్నాళ్లూ నేను దాన్ని గారాబం చేసి చెడగొట్టానన్నమాట.

బతికున్న బూజు వేరును తినేస్తుంది. చంపి పోస్తే భయపెట్టి ఊరుకుంటుంది. బన్నుల పిండి పొంగించే ఈస్టూ బూజు జాతిదే కాబట్టి, బేకరీకి వెళ్లి అది అడిగాను.

"ఏం టీచరమ్మా, కాలేజీలో బన్నులు చేస్తాండారా?" అన్నాడు బేకరీ సాయిబు.

"వేళ్లను బెదిరిస్తాండానన్నా."

నా మొహం ఒకసారి చూసి పొట్లం కట్టిచ్చాడు.

ఆ ఈస్టును ప్రెషర్ కుక్కర్లో ఉడికించి, సగం సీసాల్లో కొంచెం కొంచెం పోశాను. మిగతావి అలాగే వదిలేశాను.

ఉగాది వెళ్లగానే ప్రిన్సిపాల్ బెంచీలు మోయించుకుని వచ్చారు. అప్పుడే నేను ఈస్టు పోసిన వేళ్లు తీసి రోట్లో నూరుతున్నాను. ఆయన గడప దగ్గరే ఆగిపోయారు.

"కాలేజీలోకి జట్కా ఎవరు తోలుకొచ్చినారమ్మా?"

రోట్లో ముద్ద ఆయన ముక్కు దగ్గర పెట్టాను. తర్వాత ఈస్టు పోయని వేళ్లు పెట్టాను. రెండూ మళ్లీ మళ్లీ వాసన చూసి, బెంచీలు మోసేవాళ్ల వైపు తిరిగారు.

"దింపండప్పా, వరండాలోనే దింపండి."

ఆ ఏడాది వానలకు బెంచీలన్నీ తడిసి ఉబ్బాయి. నాకు ఏమాత్రం జాలి కలగలేదు.