సోఫా లేని ఇంటి నుంచి మెల్‌బోర్న్ దాకా

సిడ్నీలో మా ఇంట్లో సోఫా లేదు. పీఆర్, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే అనుమతి, వచ్చాక కొందామని నా మాట. కారు, మంచం, పిల్లలు, అన్నీ పీఆర్ వచ్చాకే. టీవీ అట్టపెట్టె కూడా పారేయలేదు. మమ్మల్ని ఇండియాకు వెనక్కి పంపేస్తే సర్దుకోవాలిగా! 2000 రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచింది. లోకం మునగలేదు గానీ నా కంప్యూటర్ ఉద్యోగపు కాంట్రాక్టు మునిగేలా ఉంది.

అలాంటి రోజుల్లో మా ఆవిడ సుజాతను కర్నూలు స్నేహితురాలు నస్రీన్ పిలిచింది. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో తన పరిశోధన గురించి ప్రసంగమట. యూదుల మార్మిక సంప్రదాయంలో రాబోయే రక్షకుడి గురించి నేటి పండితులు ఏమంటున్నారన్నది విషయం.

"నాకెందుకు?" అన్నాను.

"భోజనం పెడతారంటండీ," అంది సుజాత. బయల్దేరాను.

ఉదయం ఏడున్నర దాటాక సిడ్నీ సెంట్రల్ స్టేషన్లో రైలెక్కాం. దారిలో ఆల్బరీ ఊరు దాకా పులిహోర, ఆ తర్వాత నిద్ర. సాయంత్రానికి మెల్‌బోర్న్. నస్రీన్ గదిలోనే మకాం.

మర్నాడు పదకొండింటికి ప్రసంగం. కొందరు పండితుల లెక్కలో రక్షకుడు అందరి కళ్లముందు, చరిత్రలోనే రావాలి. ఆ ఎదురుచూపులో ఆశ ఉంది గానీ, బతుకంతా వాయిదా పడుతుంది. ఇంకొందరు ఒప్పుకోరు. చాలామంది మార్మికులకు ఆ రాక మనిషి లోపల, ఇప్పుడే జరిగేదంటారు.

ప్రశ్నల వేళ సుజాత లేచింది. అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అడిగింది: వచ్చేదాకా సోఫా కూడా కొనకుండా కూర్చున్నవాళ్లు ఆ పుస్తకాల్లో ఉన్నారా అని. హాలంతా నవ్వింది.

నస్రీన్ నావైపు చూసి తెలుగులో, "పుస్తకాల్లో లేరు గానీ, ముందు వరసలో మీ ఆయన ఉండాడు కదే!" అంది. భోజనం సహించలేదు.

తిరిగి వచ్చేరోజు పొద్దున్నే సుజాత పాత సామాన్ల దుకాణంలో చెక్క ఉయ్యాల కొంది.

"ఇదెందుకు?"

"పేపర్లు పెట్టుకుందాం లెండి."

నమ్మాను. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా వృత్తి మరి!

రైల్లో ఎదురు సీటు ముసలావిడ ఉయ్యాలను నిమిరి, "రాక ఎప్పుడు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"పీఆర్ వచ్చాక," అన్నాను అలవాటుగా.

"అక్టోబర్లో," అంది సుజాత.

వాగా స్టేషన్ వచ్చింది, పోయింది. నాకు భయం, దాన్ని మించిన సంతోషం.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఇదీ వాయిదా వేస్తారని!"

మెల్‌బోర్న్ వెళ్లేవాళ్లు పులిహోర ఎక్కువే కట్టుకోండి, దారి పొడుగు. ఇల్లు చేరగానే నేను టీవీ అట్టపెట్టెను చెత్తకుండీలో పడేశాను. ఉయ్యాలకు చోటు కావాలి.