మైకులో మరిచిన పేరు

మొన్న ఇద్దరు యువకులు ఇంటికి వచ్చి శాలువా కప్పి, శామీర్‌పేట చెరువు దగ్గరి రిసార్టులో యువజన విభాగం కొత్త కమిటీలకు శిక్షణ శిబిరం పెట్టుకున్నామనీ, నాయకత్వం, ఐక్యత మీద ఓ అరగంట మాట్లాడాలనీ అడిగి వెళ్ళారు. అరగంట ఈయనకు గొంతు సవరించుకోవడానికే చాలదని మా ఆవిడ వాళ్ళ ముందే అనేసింది. అందులో అబద్ధమేమీ లేదు, ఒకప్పుడు మైకు దొరికితే వదలని మనిషినే నేను. అయితే నాయకత్వం, ఐక్యత అన్న ఆ రెండు మాటలూ కలిపి వినగానే నాకు గుర్తొచ్చింది నేను దంచిన ఉపన్యాసాలు కావు, ఒక్క పేరు పిలవడం మరిచిపోయిన సభ.

తొంభైల చివర మండల యువజన అధ్యక్షుడంటే ఏ పాటి హోదానో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఏ ఊరి హోటల్లో కూర్చున్నా చాయ్ వచ్చేది, ఇంటికి వెళితే నాయిన తిట్లు వచ్చేవి. ఆ పదవికి పోటీపడింది ఇద్దరం, నేనూ మా బావా. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద, జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తూ జవహర్‌నగర్‌లో ఉండేవాడు. అక్కడి కాలనీల పిల్లలంతా ఆయన మాట మీద నడిచేవాళ్ళు. ఓట్లు వేసుకుంటే కమిటీ రెండు ముక్కలవుతుందని పెద్దలు తల పట్టుకుంటే, “మా బామ్మర్ది ఉంటే నేనున్నట్టే. ఇగ లొల్లి ఎందుకు?” అని బావే లేచి తన పేరు వెనక్కి తీసుకున్నాడు. అలా నేను అధ్యక్షుణ్ణయ్యాను.

మా రోజుల్లో సభ నడపడంలో అసలు కష్టం ఉపన్యాసం కాదు, వేదిక మీదికి పిలవడం. ఎవరి పేరు ఎవరి తరవాత రావాలన్నది పెళ్ళి ముహూర్తం కంటే గట్టి లెక్క. మాజీ సర్పంచిని వార్డు మెంబరు తరవాత పిలిచామా, ఆయన వచ్చిన లారీలోనే ఊరంతటినీ ఎక్కించుకుని వెనక్కి పోయేవాడు. అందుకని శామీర్‌పేటలో నా మొదటి మండల సమావేశానికి రెండు రోజులు కూర్చుని జాబితా రాశాను, చింపాను, మళ్ళీ రాశాను. తీరా సభ మొదలయ్యాక కింది నుంచి చిట్టీలు రావడం మొదలైంది, ఫలానా అన్నను మరిచిపోయారని ఒకటి, ఫలానా కాకను పిలవాలని ఇంకొకటి. వచ్చిన ప్రతి పేరుకూ ఒక బిరుదు తగిలించి పిలిచాను. ఎవరి పెళ్ళికో వచ్చి అటుగా తొంగిచూసిన పెద్దమనిషికి కూడా కుర్చీ దొరికింది.

బావ పొద్దున్నుంచీ టెంటు తాళ్ళు కట్టి, అప్పుడు నా కాళ్ళ దగ్గరే నిలబడి మైకు వైరు సరిచేస్తున్నాడు. ఆయన పేరు జాబితాలో లేదు. కావాలని వదిలేసింది కాదు, అలిగే అవకాశం ఉన్నవాళ్ళందరినీ గుర్తు తెచ్చుకుని రాసిన నాకు, ఎన్నటికీ అలగడనుకున్న మనిషి గుర్తుకే రాలేదు. మనవాడే కదా అన్న ధీమా అది. చివరి పేరు పిలవడం అయ్యాక బావ వైరు కింద పెట్టి, చేతిరుమాలుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే జవహర్‌నగర్ పిల్లలంతా లేచారు. వందన సమర్పణ జరిగేసరికి సగం టెంటు ఖాళీ.

ఆ వచ్చే ఆదివారమే మేడ్చల్‌లో పార్టీ బహిరంగ సభ, దానికి మా మండలం ఒకే ఊరేగింపుగా వెళ్ళాలి. జవహర్‌నగర్ వాళ్ళు రాకపోతే ఊరేగింపులో సగం లేనట్టే, ఆ సాకుతో మా కమిటీని రద్దు చేయడానికి జిల్లాలో కొందరు కాచుకుని ఉన్నారు. బావ తన బండికి కట్టిన జెండా విప్పేశాడని కబురు వచ్చింది. అయినా రెండు రోజులు కదలకుండా, ఆయనే దిగివస్తాడులే అని బెట్టు చేశాను. చివరికి మా అవ్వ, అంటే నాకు నాయనమ్మ, బావకు అమ్మమ్మ, నన్ను పట్టుకుంది. “మైకుల ఊరందరిని పిలిచినవట కొడుకా, ఇంటోని పేరు యాదికి రాలేదా? కూసుంటే అయితదా, పో.”

పోయాను. బావ అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు. కాలనీ చివరి చెత్తకుప్పల మీది గాలి ఇటు తిరిగిందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బావ భార్య, నేను అక్కా అని పిలుస్తాను, చాయ్ ఇచ్చి పక్కకు తప్పుకుంది. నాకున్న వాక్చాతుర్యమంతా ఖర్చుపెట్టి తప్పు ఒప్పుకున్నాను. బావ అంతా విని, గ్లాసు కింద పెట్టి, “గివన్నీ నాకు ఇంట్ల చెప్తున్నవు. మర్చిపోయింది మైకుల గదా” అన్నాడు.

మర్నాడు సాయంత్రం జవహర్‌నగర్‌లోనే ఖాళీ జాగాలో రెండు టేబుళ్ళు కలిపి వేదిక చేయించి, మైకు పట్టుకుని, నేను చేసిన పని అందరికీ చెప్పాను. ఒకే ఒక్క పేరు పిలిచి, కిందికి దిగి, పిల్లల మధ్య జంపఖానా మీద కూర్చున్నాను. బావ ఎవరి వంకా చూడకుండా వేదిక ఎక్కాడు. నన్ను కడిగేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం ఏ గల్లీ నుంచి ఎవరు జెండాలు తేవాలో, లారీ ఎన్ని గంటలకు కదలాలో చెప్పుకుంటూ పోయి, ఆఖరున “అధ్యక్షుడు కింద కూసున్నడు, అందరు సూసిన్రు గదా. ఇగ నాకు కుర్చీ లేదని ఎవ్వలన్న అలిగితే నేను ఊకోను” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూనే.

ఆదివారం మా మండలం ఒకే వరుసగా మేడ్చల్‌లో అడుగుపెట్టింది, ముందు బావ బండి, దాని మీద జెండా. కమిటీ రద్దు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అప్పటి నుంచి ఏ ఊళ్ళో సభ అయితే ఆ ఊరివాడే అధ్యక్షత వహించడం, మండల అధ్యక్షుడు జంపఖానా మీద కూర్చోవడం మా పద్ధతి అయింది. పదవికి మర్యాద పోతుందని పెద్దలు గొణిగారు గానీ, పోలేదు. నేనున్నన్నాళ్ళూ మా దగ్గర కుర్చీ కోసం కొట్లాట జరగలేదని ఈనాటికీ గర్వంగా చెప్పగలను.

గొప్ప చెప్పుకున్నాను గనుక మిగతాది కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ తరవాత, ఇద్దరం యువజనం దాటి పెద్ద పార్టీలోకి వచ్చాక, జవహర్‌నగర్ కమిటీని బావను అడగకుండా మార్చేశాం. మళ్ళీ అలిగాడు. అప్పటికి చేతిలో సెల్‌ఫోను వచ్చింది. చేశాను, ఎత్తలేదు. మర్నాడు ఇంకోసారి చేశాను. ఫోను చేశానని తెలిసినవాళ్ళతో చెప్పించాను కూడా. పది రోజులకు ఆయన వేరే పార్టీ కండువా కప్పుకున్నాడు.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో కలుస్తాం, షుగరు ఎంతుందని ఒకరినొకరు అడుగుతాం, పక్కపక్కనే కూర్చుని భోంచేస్తాం, రాజకీయాలు మాత్రం ఎత్తం. ఈ తరం పిల్లలు అలిగితే పొద్దున వాట్సాప్ గ్రూపులోంచి బయటికి, సాయంత్రం ఇంకో పార్టీలోకి వెళ్ళిపోతున్నారని మావాళ్ళు విసుక్కుంటుంటే నేను నోరు మెదపను. ఆ పది రోజులూ నాకు కారు ఉంది, తీరిక ఉంది, జవహర్‌నగర్ అరగంట దూరం. ఫోను చేశాను కదా అనుకుని ఇంట్లోనే కూర్చున్నాను.