కొలతల గోవిందరావు

ఏ మాటన్నా సరే, దాన్ని దేంతో కొలుస్తావని అడక్కుండా వదలడు గోవిందరావు. ముప్ఫై ఆరేళ్లు ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు కొలిచి రిటైరయ్యాడు గానీ, ఆ పిచ్చి మాత్రం రిటైరవలేదు. పెళ్లిపందిట్లో ఎవరో అన్యోన్యంగా ఉండమని దీవిస్తే, ఎంత ఉంటే అన్యోన్యమంటారో చెప్పమని నిలదీసిన ఘనుడు.

అలాంటివాడి పక్కింట్లో, ప్లాంటువాళ్లుండే క్యాంప్ 1 కాలనీలో, రోహిణి గది అద్దెకు తీసుకుంది. రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ, ఇరుగుపొరుగు మధ్య నమ్మకం మీద పరిశోధన. ఆ సంగతి ఆయన దగ్గర నోరు జారింది పాపం. ఇంకేముంది, పాల ప్యాకెట్‌కి వెళ్లినా ఆయనే, గేటు తీసినా ఆయనే.

"నమ్మకమంటే ఏటమ్మా? దేంతో కొలుస్తావు?"

పొరుగువాళ్లని ఎంత నమ్ముతారో ఐదుకి మార్కులు వెయ్యమంటానని చెప్పింది. పక్కింటోళ్లు వింటుండగా ఐదుకి తక్కువ ఎవరేస్తారన్నాడు. రోహిణికి ఒళ్లు మండింది.

తీరా నూరిళ్లు తిరిగితే తొంభై ఏడిళ్లలో ఐదుకి ఐదే. గోడ తగువుతో కోర్టుకెక్కినవాళ్లు కూడా ఒకరికొకరు ఐదేసుకున్నారు. గైడు సుచిత్ర మేడం కాగితాలు పక్కకి నెట్టి, ఇది నమ్మకం కాదు మర్యాద అంది. పదిహేను రోజుల్లో సరైన కొలత తేకపోతే థీసిస్ వచ్చే ఏడాదికేనంది.

ఇంటికొస్తే గేటు దగ్గర ఆయన. "ఐదుకెంతొచ్చిందమ్మా?"

"బస్ కరో బాబాయ్! ఇక చాలు, నన్ను వదిలెయ్యండి" అని తలుపు వేసుకుంది రోహిణి.

వారం రోజులు మనిషి జాడ లేదు. హమ్మయ్య అనుకుంది గానీ, తిట్టానే అని లోపల పీకుతూనే ఉంది. ఎనిమిదో రోజున, ఎండకి కమిలిన మొహంతో ఓ నోటుపుస్తకం తెచ్చిచ్చాడు. అవే నూరిళ్లు, ఒకటే ప్రశ్న: మీ ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంచారు? ఐదేసినవాళ్లలో సగంమంది ఎవరికీ ఇవ్వలేదు. గోడ తగువువాళ్లయితే పక్క ఊరు కుమ్హారిలో చుట్టాల దగ్గర దాచారు.

మేడం పుస్తకం తిరగేసి, ఇదీ కొలతంటే అంది. థీసిస్ గట్టెక్కింది. కానీ ముప్ఫై ఒక్క ఇళ్లకి జవాబు గడి ఖాళీ. ఇదెక్కడి చోద్యమని రోహిణి ఆయనింటికి వెళ్లింది. గోడ నిండా మేకులు, చివరిదొక్కటి తప్ప మేకుకో తాళంచెవి, ఆ ముప్ఫై ఒక్క ఇళ్ల నంబర్లతో సహా.

"ఇవెందుకు రాయలేదు బాబాయ్?"

"కొలిసేవోడు కొలతలో ఉండకూడదమ్మా."

రోహిణికి నవ్వొచ్చింది. మీరు నాకు చాలా చేశారంది.

"సాలా అంటే ఎంత? దేంతో కొలుస్తావు?"

ఈసారి ఒళ్లు మండలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వకుండా బ్యాగులో మోసుకు తిరిగిన తన గది రెండో తాళంచెవి తీసి, ఖాళీ మేకుకి తగిలించింది.

"దీంతో."