కొబ్బరినీళ్ల మీదికి నెట్టిన తప్పు

ఒక ముసలామె నన్ను నమ్మి ఒక మాట అడిగింది. నేను అబద్ధం చెప్పాను. చాలా ఏళ్లయింది. ఆ అబద్ధాన్ని ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాను, కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఇదంతా ఆమె బతికుండగా ఆమె ముందే చెప్పేవాణ్ని కదా.

పెద్ద నేరమేం కాదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరినీ కొట్టలేదు, ఎవరింటికీ కన్నం వేయలేదు. ఒక కారు విషయంలో ఉద్యోగం కాపాడుకోవడానికి అందరూ ఆడే అబద్ధమే నేనూ ఆడాను. అలా అనుకున్న రోజు అన్నం బాగానే దిగేది. మర్నాడు మళ్లీ మామూలే.

సాఫ్ట్‌వేర్ బూమ్ మంచి ఊపు మీదున్న రోజులవి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఎక్కడ చూసినా వెంచర్ల రంగు జెండాలే. నిన్నమొన్నటిదాకా క్యారెట్, టమాటా పండిన చేలల్లో హద్దురాళ్లు పాతేశారు. ఆదివారం వస్తే హైటెక్ సిటీ కుర్రాళ్లు తమ బండ్ల స్పీడు చూసుకోవడానికి మా రోడ్డు మీదికే వచ్చేవాళ్లు. వాళ్ల కోసం, భూములమ్ముకున్న మావాళ్ల కోసం, మొయినాబాద్ దగ్గర విదేశీ కార్ల డీలరు ఒకాయన సర్వీస్ సెంటర్ తెరిచాడు. డిప్లొమా చదివిన నాకు అందులో సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగం దొరికింది. కస్టమర్ చెప్పింది విని మెకానిక్‌కు చెప్పాలి. మెకానిక్ చెప్పింది కస్టమర్‌కు కోపం రాకుండా మార్చి చెప్పాలి. ఆ రెండో పనిలో నాకు మంచి పేరుండేది.

మా కస్టమర్ నర్సింలన్నది చేవెళ్ల దగ్గరి ముడిమ్యాల. రోడ్డు పక్కనున్న చేను వెంచర్‌కు ఇచ్చి ఎర్ర కారు కొన్నాడు. టర్బో ఇంజను, కాలు పెడితే దూకే బండి. నాగలి పట్టినోడికి ఇదేం పిచ్చి అని ఊళ్లో నవ్వారట. నవ్వనీ అనేవాడు. ఆ స్పీడంటే ఆయనకు నిజంగా ప్రాణం. ఆయనకు ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగట్టింది నేనే. "కంపెనీ వారంటీ అయిపోయినంక గూడ ఇది కాస్తదన్నా. ఇంజన్ ఫికర్ మాకు ఇడిసిపెట్టు" అన్నాను. ఇడిసిపెట్టాడు.

వారంటీ మొదలైందో లేదో బండి మొండికేసింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఈల వేస్తోంది, నూనె కాలిన వాసన వస్తోంది అని తెచ్చాడు. మేం కంప్యూటర్ పెట్టి చూసి ఏమీ లేదన్నాం. మళ్లీ తెచ్చాడు. ఇలాంటి బండ్లు ఇలాగే ఉంటాయన్నాం. మళ్లీ తెచ్చాడు. ఏసీ గదిలో కూర్చోబెట్టి మెషిన్ కాఫీ ఇచ్చి, బండి కడిగి ఇచ్చి పంపాం. కారు తళతళలాడుతుంటే కస్టమర్ కోపం సగం తగ్గుతుందని మాకు నేర్పిన విద్య. ఆయన కోపం తగ్గలేదు. నాలుగోసారో అయిదోసారో గట్టిగా అరిచేసరికి నిజంగా విప్పి చూశాం.

టర్బోకు నూనె అందించే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. దాని మూతి దగ్గర చిన్న రాగి వాషర్. విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయాలి, పాతది మళ్లీ సరిగా కూర్చోదు. గొట్టం శుభ్రం చేసి బిగించబోతే కొత్త వాషర్ స్టాకులో లేదు. పరాయి దేశం నుంచి రావాలి. నెలాఖరు, డెలివరీలు లెక్క చూపించాలని మేనేజర్ మెడ మీద కూర్చున్నాడు. ఏం చేద్దామని మెకానిక్ నన్ను అడిగాడు.

"పాతదే వేసెయ్. కొత్తది వచ్చినంక పిలుద్దాం" అన్నాను నేను.

కొత్తది వచ్చింది. స్టోర్స్‌లో ఒక అరలో పడి ఉంది. నేను పిలవలేదు. కావాలని కాదు, మరిచిపోయాను. అప్పుడు మరిచిపోవడం తప్పే గానీ పాపం కాదు. పాపం తర్వాత చేశాను.

దసరా వెళ్లిన తర్వాత ఆ బండి చేవెళ్ల దాటాక పొగలు కక్కి రోడ్డు మీదే ఆగిపోయింది. క్రేన్ మీద తెచ్చారు. విప్పగానే తెలిసిపోయింది. ఆ వాషర్ దగ్గరే నూనె కారిపోయి, నూనె అందక టర్బో కాలి, దాంతోపాటు ఇంజనూ పోయింది. వారంటీ కింద పెడితే కంపెనీవాళ్లు వచ్చి చూస్తారు, పాత వాషర్ బయటపడుతుంది. మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, కస్టమర్ వైపు ఏదైనా తప్పు దొరుకుతుందేమో చూడమన్నాడు. అంతవరకే అన్నాడు. తర్వాతిదంతా నా బుర్రలోంచే వచ్చింది.

పట్నంవాడైతే ఆ ప్రశ్న అడగాలని తోచేది కాదు. నేను ఇక్కడివాణ్ని కాబట్టి తోచింది. నర్సింలన్నకు ఫోన్ చేసి మాటల మధ్యలో అడిగాను, పండుగకు బండికి పూజ గట్టిగానే చేసిన్రా అన్నా అని.

"చెయ్యకుంటె ఎట్ల తమ్మీ? మా అవ్వ జేసింది. బండికి పానం యాడుంటదిరా అని అడిగి, ఆ మూత లేపిచ్చి, ఇంజన్ మీద కొబ్బరినీళ్లు సల్లింది" అన్నాడాయన, గర్వంగా.

ఆ అవ్వ, అంటే నర్సింలన్న తల్లి గురించి మీకు చెప్పాలి. మా వైపు భర్త పోయినవాళ్లను శుభానికి ముందు పిలవరు. అది మంచిదా కాదా అన్నది పక్కన పెడితే, పిలవరు అంతే. కానీ నర్సింలన్న వాళ్ల అవ్వను పిలిచేవారు. ఆమె చెయ్యి మంచిదని ఊరంతా నమ్మకం. కొత్త బోరు వేసినా, ట్రాక్టర్ కొన్నా, మొదటి విత్తనం వేసినా ఆమె చేత్తోనే కొబ్బరికాయ కొట్టించేవారు. ఆమె నీళ్లు చల్లిన మోటరు కాలిపోలేదని చెప్పుకునేవారు. భర్త పోయాక ఆ ఊళ్లో ఆమెకు మిగిలిన గౌరవమంతా ఆ చేతిలోనే ఉండేది. ఇది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే అలా చేసేవాణ్ని కాదు అని రాద్దామనుకున్నాను. రాయలేను. చేసేవాణ్నేమో.

చల్లిన కాసిని నీళ్లకు ఇంజను పోదు. వానలో తిరిగే బండి అది. ఆ సంగతి నాకు తెలుసు, మేనేజర్‌కు తెలుసు. అయినా ఇంజనులోకి ద్రవం చేరింది, కస్టమర్ నిర్లక్ష్యం, వారంటీ వర్తించదు అని ఇంగ్లిష్‌లో శుభ్రంగా రాసి ఇచ్చాం.

నర్సింలన్న ఊగిపోతూ వచ్చాడు. కోర్టుకు పోతానన్నాడు. పోయి ఉంటే గెలిచేవాడు. కానీ వెంట అవ్వను తెచ్చాడు. కాదు, ఆమే బయల్దేరి వచ్చిందట, తన వల్ల జరిగిందంటే తానే కనుక్కుంటానని. చెప్పులు గుమ్మం బయట విడిచి ఆ నున్నటి నేల మీద జాగ్రత్తగా నడిచి వచ్చింది. కొడుకు అరుస్తుంటే, మేనేజర్ ఇంగ్లిష్‌లో సర్దిచెబుతుంటే, ఆమె అందరినీ ఒకసారి చూసి నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు ఏ ఊరోనివి బిడ్డా?"

"ప్రొద్దుటూరు అవ్వా."

"శంకర్‌పల్లి కాడి ప్రొద్దుటూరా? మా ఆడిబిడ్డను ఆడికే ఇచ్చినం. గట్లైతె మనోనివే." ఆమె ముఖం తేలికపడింది. "వీళ్లు జెప్పేది నాకు సమజైతలేదు. నువ్వు జెప్పు బిడ్డా. నేను పోసిన నీళ్లతోనే ఖరాబైందా?"

"అవునవ్వా."

"దేవునికి కొట్టిన కాయ నీళ్లు గద?"

"దేవుని నీళ్లైనా ఇంజన్‌కు నీళ్లే అవ్వా."

అంత చక్కగా ఎలా వచ్చిందో నోటికి. మేనేజర్ తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కూడా నా మాట మీద ముచ్చటేసింది.

ఆమె కొడుకు వైపు తిరిగి, "లొల్లి వద్దు కొడుకా. మనోడే చెప్తుండు గద" అంది. అంతసేపూ అరిచిన నర్సింలన్న ఆమె చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. కేసు లేదు, గీసు లేదు. సొంత ఖర్చుతో బండి బాగుచేయించుకుని కొన్నాళ్లకు అమ్మేశాడు. నా ఉద్యోగం నిలబడింది. ఆ ఏడాది కస్టమర్లతో బాగా మాట్లాడతానని నాకు మెచ్చుకోలు కూడా దక్కింది.

అవ్వ ఆడపడుచు మా ఊళ్లోనే కదా, ఆ తర్వాతి సంగతులు ఆమె నోటే విన్నాను. ముడిమ్యాలలో అవ్వను పిలవడం మానేశారు. ఎవరూ తగాదా పడలేదు, ఎవరూ తిట్టలేదు. కొత్త ట్రాక్టర్ వచ్చింది, ఆమెకు కబురు రాలేదు. బోరు పడింది, కబురు రాలేదు. భర్త లేని మనిషి చెయ్యి ఎంతైనా భర్త లేని మనిషి చెయ్యే అని అప్పటిదాకా ఎవరి నోటా రాని మాట ఒకరి నోట వచ్చింది. ఆమె కాదనలేదు. ఇంట్లో దీపం తప్ప ఇంకే శుభానికీ చెయ్యి పెట్టడం తనే మానుకుంది.

ఇది విన్న రోజు నేనేం చేశాను? ఏమీ చేయలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. వెళ్లి చెబితే నర్సింలన్న డీలరు మీద పడతాడు, డీలరు నా మీద పడతాడు అనుకున్నాను. తర్వాత ఆ కొలువు మానేసి పట్నంలో వేరేచోట చేరాను. ఇక భయపడడానికి కారణమే లేదు. అయినా చెప్పలేదు. అప్పుడు తెలిసింది, నన్ను ఆపింది ఉద్యోగం కాదని. మనోడు అని ఆమె అన్న మాట పోతుందని భయం. ఎంత సిగ్గులేనితనం! ఆమె చేతికున్న పేరు తీసేసి, ఆమె ఇచ్చిన పేరు మాత్రం నేను ఉంచుకుందామనుకున్నాను.

కొన్నేళ్లకు నేనూ ఒక చిన్న కారు కొన్నాను. నాకో ఉపాయం తోచింది. షోరూం నుంచి నేరుగా ముడిమ్యాల వెళ్లాను. నోరు తెరిచి చెప్పలేకపోయినా, నా బండికి ఆమె చేత పూజ చేయిస్తే అది తిరుగుతుంది, చెడిపోదు, ఊరు చూస్తుంది, ఆమె చెయ్యి మంచిదని మళ్లీ అనుకుంటారు. పోయింది తిరిగొస్తుంది, నా గుట్టూ నా దగ్గరే ఉంటుంది. ఎంత తెలివో చూడండి.

అవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను గుర్తుపట్టింది. మంచినీళ్లు ఇప్పించింది. మా అమ్మ బాగున్నదా అని అడిగింది. నేను బానెట్ లేపి కొబ్బరికాయ ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుని, నిమిరి, మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"వద్దు బిడ్డా. కొత్త బండి. నా కోడలితోని కొట్టిచ్చుకో" అంది. నేను బతిమాలాను. ఆమె నవ్వింది. "నువ్వే గద నాకు జెప్పినోనివి. నువ్వే మర్సినవా?"

కోడలు వచ్చి కాయ కొట్టింది. అవ్వ లేచి గోడ పక్కకు జరిగి నిలబడింది, కొబ్బరినీళ్లు ఎటు చిందినా తనను తాకకుండా. అప్పుడు చెప్పాల్సింది. నర్సింలన్న నా భుజం తట్టి, కూసో తమ్మీ, అన్నం తిని పో అన్నాడు. కూర్చున్నాను. వాళ్ల ఇంట్లో కడుపునిండా తిని వచ్చాను.

మొన్న వానాకాలంలో అవ్వ పోయింది. దినాలకు వెళ్లాను. భోజనాల దగ్గర అందరూ ఆమె మంచితనం చెప్పుకుంటున్నారు, మధ్యమధ్య నవ్వుకుంటున్నారు, మన దగ్గర అది మామూలే కదా. నర్సింలన్న కళ్లు తుడుచుకుంటూనే ఎర్ర కారు కథ ఎత్తుకున్నాడు. "మా అవ్వ భక్తికి ఇంజనే ఆగమైంది. అప్పుడు ఈ తమ్ముడే గద అన్నడు, దేవుని నీళ్లైనా ఇంజన్‌కు నీళ్లే అవ్వా అని" అంటూ నన్ను చూపించాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ మాట ఆ ఇంట్లో సామెత అయిపోయిందట. పిల్లలు కూడా అనేవారట, ఆమెను ఆటపట్టిస్తూ.

నేనూ నవ్వాను. ఆమె దినాల అన్నం ముందు పెట్టుకుని నవ్వాను. ఇన్నేళ్లలో చేసినవన్నీ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. దాని తర్వాత లోపల పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఇది చదివి మీరు నన్ను క్షమిస్తారేమోనని రాయలేదు. మీ క్షమ నాకెలా చెల్లుతుంది? అడగాల్సిన మనిషి లేదు. ముడిమ్యాల వెళ్లి నర్సింలన్నకైనా చెబుతానా? చెప్పాలి. చెబుతానని ఇక్కడ మాట ఇవ్వను, నా మాట విలువ ఎంతో పైనే చూశారు.

కానీ ఇందాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె ప్రశ్నకు జవాబు ఒకసారి పైకి అని చూశాను. ఎవరూ వినలేదు. అయినా ఊపిరి కాస్త ఆడింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

"కాదవ్వా. నీ నీళ్లతోని కాలేదు. నాతోని అయింది."